పెండ్లి పిలుపు: నాటినుండి నేటివరకు



పంట ఇల్లు చేరి, ఎండలు ముదరక మునుపు మన పల్లెలలో పెండ్లిండ్ల కాలము వచ్చును. ఆ దినములలో నా బల్లమీద శుభలేఖలు పేరుకొనును. వాటిలో కొన్ని పలుచని పసుపుపచ్చ కాగితములు. కొన్ని బంగారు గీతలు వేసి, పట్టుదారముతో కట్టిన దళసరి అట్టలు. ఒకటి చేత పట్టుకొంటే చిన్న పుస్తకమంత బరువుండును. గత సంవత్సరము మా సంఘములో ఒక కౌలురైతు తన పెద్దకుమార్తె పెండ్లికి అట్టివి మూడు వందలు అచ్చు వేయించి, వాటి వెల వడ్డీకి తెచ్చి కట్టెనని విని నా మనస్సు కలతపడెను. “ఎందుకు నాయనా ఇంత ఖర్చు?” అని అడిగితిని. “అయ్యగారూ, మంచి కార్డు వేయకపోతే మమ్మల్ని మనుషుల్లో లెక్కవేయరు” అని అతడు చెప్పెను.

ఆ మాట నా మనస్సులో చాలాదినములు నిలిచిపోయెను. అది తప్పని త్రోసివేయుటకు నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఈ వ్యాసము చదివినవారికి తెలియును. అయితే ముందుగా ఒక సంగతి విచారింతము. మనుష్యులు ఒకరినొకరు పెండ్లికి పిలుచుకొనుట ఎప్పటినుండి, ఏ రీతిగా జరుగుచు వచ్చినది? మనము పోగొట్టుకొనినదేమి, నిలుపుకొనవలసినదేమి?

ఇసుకలో దొరికిన శుభలేఖలు

ఐగుప్తు దేశములో కైరో పట్టణమునకు దక్షిణముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున ఆక్సిరింకస్ అను పురాతన పట్టణముండెను. 1896–97 శీతకాలములో ఆక్స్‌ఫర్డు విద్వాంసులైన గ్రెన్‌ఫెల్, హంట్ అను ఇద్దరు ఆ ఊరి చెత్తదిబ్బలను త్రవ్వించిరి. అది వాన యెరుగని దేశము గనుక వందలయేండ్ల క్రిందట పారవేసిన జమ్ముకాగితములు చెదపట్టక, కుళ్లక, ఇసుకలో అట్లే నిలిచియుండెను. పన్ను రసీదులు, కౌలు పత్రములు, కొడుకు తండ్రికి వ్రాసిన ఉత్తరములు, సువార్త ప్రతుల తునకలు వేలకొలదిగా బయటపడెను. వాటి నడుమ అరచేతిలో ఇమిడిపోవునంతటి చిన్న చీటీలు కొన్ని దొరికెను. చదివి చూడగా అవి విందు పిలుపులు. వాటిలో కొన్ని పెండ్లి పిలుపులు!

హెరాయిస్ అను ఒక తల్లి తన యింటిలో తన పిల్లల పెండ్లి సందర్భమున రేపు, అనగా నెలలో 5వ దినమున, తొమ్మిదవ గంట మొదలుకొని భోజనమునకు రమ్మని వేడుకొనుచున్నది. ఇది క్రీస్తు శకము మూడవ శతాబ్దమునాటిది. అంతకు పూర్వపుదైన మరియొక చీటీలో దియొనూసియు అను ఒక తండ్రి తన పిల్లల పెండ్లికి, వేరొకరి యింట, 30వ దినమున, అదే వేళకు పిలుచుచున్నాడు. వారి లెక్కలో తొమ్మిదవ గంట అనగా మనకు మధ్యాహ్నము సుమారు మూడు గంటలు. ఇక ఆ చీటీలలో మరేమియు లేదు. తాతల బిరుదులు లేవు, ఉద్యోగముల పేర్లు లేవు. పిలుచువారెవరు, ఏ సందర్భము, ఏ చోటు, ఏ దినము, ఏ వేళ అనునంతే. పదునేడు వందల యేండ్ల తరువాత కూడ శుభలేఖకు అత్యవసరమైనవి ఆ అయిదు సంగతులే గదా!

ఆ చీటీలలో రెండు వింతలున్నవి. మొదటిది, పిలువబడినవాని పేరు వాటిలో లేదు. రెండవది, పెండ్లి రేపే! ఈనాటి శుభలేఖ పెండ్లికి ఒక నెల ముందు రావలెను. వారి చీటీ ముందుదినమున వచ్చుచుండెను. దీనికి పండితులు చెప్పు కారణమిది: చీటీ తానుగా పిలుచుట లేదు, మనుష్యుడు పిలుచుచుండెను. ఇంటి సేవకుడు దానిని చేత పట్టుకొని గడపగడపకు వెళ్లి నోట చదివి వినిపించును. ఎదుట నిలువబడినవానికి పేరు వ్రాయనక్కర లేదు. అక్షరములు రానివాడు కూడ ఆ పిలుపు అందుకొనగలిగెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి; దానియొద్దకు మరల వచ్చెదము.

రెండుమారులు పిలుచుట

పరిశుద్ధ గ్రంథములోని పెండ్లి విందు ఉపమానము చదువునప్పుడు, పిలువబడినవారిని పిలుచుటకు రాజు మరల దాసులను పంపుట ఏమిటని మనలో కొందరు అడుగుదురు. తూర్పు దేశముల మర్యాద తెలిసిన యెడల ఆ చిక్కు తీరిపోవును. వారి ఆచారము ప్రకారము పెద్ద విందునకు రెండు పిలుపులుండెను. మొదటి పిలుపు ముందుగా వెళ్లును. అతిథి వచ్చెదనని ఒప్పుకొనును. అన్నియు సిద్ధమైన తరువాత రెండవ పిలుపు వచ్చును. ఎస్తేరు గ్రంథములో రాణి హామానును మరునాటి విందునకు ముందుగానే పిలిచెను. వేళ అయినప్పుడు రాజుయొక్క నపుంసకులు వచ్చి అతనిని త్వరపెట్టి తీసికొనిపోయిరి. యెరూషలేము పెద్దలు రెండుమారులు పిలువనిదే విందునకు వెళ్లెడివారు కారని యూదుల ప్రాచీన వ్యాఖ్యానములలో ఒకటి చెప్పుచున్నది.

ఇందులో గొప్ప వివేకమున్నది. మొదటి పిలుపును ఒప్పుకొనినవారి సంఖ్యనుబట్టి ఎద్దును కోయవలెనా, మేకపిల్ల చాలునా అని ఇంటివారు నిర్ణయించుకొందురు. కోసిన మాంసము మరునాటికి నిలువదు. కాబట్టి ముందు సరేనని, వంట అయిన తరువాత పొలము కొంటిననియు, ఎద్దులను పరీక్షింప వెళ్లుచున్నాననియు చెప్పుట ఇంటి యజమానుని ముఖముమీద కొట్టినట్టే. ఉపమానములోని కోపము ఎందుకంత తీవ్రమైనదో ఇప్పుడు బోధపడును.

పిలుపు తప్పిపోయిన యెడల ఏమగునో చెప్పు ఒక కథ యూదుల తల్మూదులో గలదు. యెరూషలేములో ఒక ధనవంతునికి కంసా అను స్నేహితుడును, బర్ కంసా అను శత్రువును ఉండిరి. అతడు విందు చేసి, కంసాను పిలుచుకొని రమ్మని సేవకుని పంపెను. సేవకుడు పేరు పొరబడి బర్ కంసాను తీసికొనివచ్చెను. యజమానుడు అతనిని చూచి లేచిపొమ్మనెను. “వచ్చినవానిని అవమానింపవద్దు, నేను తిన్నదాని వెల ఇచ్చెదను” అని అతడు బతిమాలెను. కాదనగా విందులో సగము ఖర్చు, తరువాత మొత్తము ఖర్చు ఇచ్చెదననెను. అయినను యజమానుడు అతని చెయ్యిపట్టి బయటికి నెట్టెను. అక్కడ కూర్చున్న బోధకులు చూచుచు ఊరకుండిరి. ఆ అవమానముతో మండిపడిన బర్ కంసా రోమా చక్రవర్తియొద్దకు పోయి కొండెములు చెప్పెననియు, క్రీస్తు శకము 70లో యెరూషలేము దేవాలయము కూలిపోవుటకు అదియొక మూలమనియు యూదులు చెప్పుకొందురు. రోమీయుల యుద్ధమునకు వేరే కారణములు అనేకములున్నవని చరిత్ర చదివినవారు ఎరుగుదురు. అయినను ఒక జనాంగము తన మహా నాశనమునుగూర్చి తలంచుకొనుచు, మొదటి తప్పును ఒక విందు పిలుపులోను, చూచి ఊరకుండిన పెద్దల మౌనములోను వెదకుట సామాన్య సంగతి కాదు.

ఆలయములో ప్రకటన

సంఘ చరిత్రలో పెండ్లి పిలుపునకు ఒక తోబుట్టువు గలదు. అది ఆదివారపు ఆరాధనలో చదువబడు పెండ్లి ప్రకటన. పూర్వము ఐరోపాలో అనేకులు రహస్యముగా పెండ్లాడుచుండిరి. ఒకడు ఒక ఊరిలో భార్యను విడిచి మరియొక ఊరిలో మరల పెండ్లాడినను అడుగువారు లేకుండిరి. దీనిని అరికట్టుటకు 1215లో రోమాలో జరిగిన నాలుగవ లాటరన్ సభ, పెండ్లిని ముందుగా ఆలయములో బహిరంగముగా ప్రకటింపవలెనని సంఘమంతటికిని నియమము చేసెను. 1563లో ట్రెంటు సభ ఆ ప్రకటన మూడు పండుగదినములలో జరుగవలెనని స్థిరపరచెను. ఇంగ్లండులోనైతే లండను ఫ్లీటు చెరసాల పరిసరములలో డబ్బు తీసికొని రహస్యముగా పెండ్లిండ్లు చేయు గురువులు పెచ్చు పెరిగిరి. కావున 1753లో హార్డ్‌విక్ ప్రభువు చట్టము వచ్చి, ప్రకటనగాని అనుమతి పత్రముగాని లేనిదే పెండ్లి చెల్లదనెను.

మన దేశములో 1872నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ఆ పద్ధతినే అనుసరించినది. పెండ్లి చేయుటకు అధికారము పొందిన బోధకునికి వధూవరులలో ఒకరు వ్రాతమూలముగా నోటీసు ఇయ్యవలెను. అందులో పేరు, వృత్తి, నివాసము, అక్కడ ఎంతకాలమునుండి ఉన్నది, ఏ ఆలయములో పెండ్లి జరుగునది చెప్పవలెను. బోధకుడు దానిని ఆలయములో అందరికి కనబడు చోట అంటింపవలెను. ఎవరైనను అభ్యంతరముగలవారు మాటలాడుటకే ఈ ఏర్పాటు. శుభలేఖ రమ్మని పిలుచును. ప్రకటన, తప్పుంటే చెప్పుమని పిలుచును. రెండును పెండ్లిని వెలుగులోనికి తెచ్చునవే.

ఇప్పుడు నేను తరచుగా చూచు ఒక అక్రమమున్నది. శుభలేఖలు అచ్చు వేయించి, సగము పంచిన తరువాత సంఘకాపరియొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఫలానా తేదీన పెళ్లి, మీరే చేయాలి” అందురు. కొన్నియేండ్ల క్రిందట అట్లే వచ్చిన ఒక కుటుంబమువారిని అమ్మాయి బడి సర్టిఫికెట్టు తెమ్మని అడిగితిని. చూడగా ఆమెకు పదునెనిమిది నిండుటకు ఇంకను ఏడు నెలలున్నవి. 1929నాటి శారదా చట్టము ఆడపిల్లకు 14 యేండ్లు చాలుననెను. 1978 సవరణ దానిని 18కి పెంచెను. 2006నాటి చట్టము బాల్యవివాహములను ఇంకను గట్టిగా నిషేధించినది. నేను ఆ పెండ్లి చేయననగా ఆ తండ్రి, “కార్డులు పంచేశాం అయ్యగారూ, మా పరువేం కావాలి?” అని కండ్లనీళ్లు పెట్టుకొనెను. కార్డు పంచుటయే అతనికి కాదనరాని ప్రమాణమాయెను. నేనును ఆ రాత్రి నిద్రపోలేదు. అయినను మాట మార్చుకొనలేదు. ఆ తరువాతి వేసవిలో ఆ పెండ్లి జరిగెను. మిగిలిన కార్డులమీద పాత తేదీ కొట్టివేసి, కలముతో క్రొత్త తేదీ వ్రాసి పంచిరి. ఆ కొట్టివేత గల కార్డును నేను ఇప్పటికిని దాచుకొనియున్నాను. అంత అందమైన శుభలేఖను నేను మరెక్కడను చూడలేదు.

మన పల్లెలలో కబురు మోసినవారు

తెలుగుదేశములో అచ్చు శుభలేఖ నిన్నమొన్నటిది. అంతకు ముందు కలిగిన యిండ్లలో పురోహితుడు లగ్నపత్రిక వ్రాయును. దగ్గర బంధువులకు నాలుగు మూలల పసుపు రాసిన లేఖలు వెళ్లును. ఊరిలోపల స్త్రీలు ఇంటింటికి వెళ్లి బొట్టు పెట్టి పిలుతురు. ఇది మంచి మర్యాద. ఎవరు ఎవరిని పిలిచిరో గడప గడపకు తెలియును. అయితే పొరుగూళ్లకు కబురు ఎవరు మోయుచుండిరి? పిల్లబాటలవెంట, వాగులు దాటి, చెప్పులు లేని కాళ్లతో పోయినవారెవరు? వెట్టివారు. మాలపల్లె, మాదిగపల్లెలలోని మన తాతముత్తాతలు అనేకులు ఆ పని చేసిరి. పెండ్లి కబురు, చావు కబురు, కరణముగారి కబురు అన్నియు వారి నోటనే వెళ్లెను. పెండ్లి ఊరేగింపు ముందర డప్పు కొట్టినవారును వారే. అంతటి విందునకు వారు పిలుపు మోసిరిగాని, ఆ విందునకు వారిని పిలిచినవారు లేరు. పెరటివైపున నిలువబడి, పంక్తులు లేచిన తరువాత మిగిలినది పట్టుకొనిపోయిరి.

నా తాత అట్టి కబురు మోసినవాడే. పొరుగూరి వాకిట దూరముగా నిలువబడి, “అయ్యా, ఫలానా వారింట ఫలానా దినాన పెళ్లండీ” అని కేకవేసి చెప్పి, కొంగున పోసిన శేరు గింజలు తీసికొని వచ్చెడివాడట. ఊరిలో ఎవరును ఆయనను పూర్తి పేరుతో పిలువలేదు. సగము పేరు, దాని వెనుక ‘ఒరే’. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములో 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను, 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. కాగితముమీది మాట వాకిటివరకు వచ్చుటకు ఇంకను కొన్నియేండ్లు పట్టెను.

అచ్చు, తపాల

ఈలోగా రెండు మార్పులు వచ్చెను. ఒకటి అచ్చు. 1740ల దశకములో జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ తెలుగు భక్తిగ్రంథములు అచ్చు వేయించెను. 1818లో శ్రీరాంపురమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. 1835లో ముద్రణపైనున్న నిర్బంధములు సడలిన తరువాత దేశీయుల ముద్రణాలయములు పెరుగుచు వచ్చెను. మొదట గ్రంథములకు మాత్రమే దొరికిన అచ్చు, కాలుతో త్రొక్కు ట్రెడిల్ యంత్రములు చిన్న పట్టణములకు చేరిన తరువాత రసీదులకు, కరపత్రములకు, శుభలేఖలకు అందుబాటులోనికి వచ్చెను.

రెండవది తపాల. 1840లో ఇంగ్లండులో రోలండ్ హిల్ చెప్పిన పద్ధతిని ఒక పెన్నీ బిళ్లతో మొదలుపెట్టిరి. మన దేశములో 1854 అక్టోబరునుండి దూరముతో నిమిత్తము లేక పావుతులము ఉత్తరమునకు అర్ధణా చాలునను నియమము వచ్చెను. అంతకుముందు ఎంత దూరమైతే అంత రుసుము. 1879 జూలై 1న కాలణా పోస్టుకార్డు వచ్చెను. పేదవానికి కూడ అది అందెను. తరువాతి కాలములో అచ్చు వేసిన శుభలేఖలను కవరు అంటింపక బుక్ పోస్టుగా తక్కువ వెలకు పంపుచుండిరి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చెను. పెండ్లిదినమున రాలేనివారు తంతి కార్యాలయములో ఒక అంకె వ్రాయించిన చాలును. ఆ అంకెకు తగిన శుభాకాంక్ష అక్కడ అచ్చైపోవును. ఆ తంతి సేవయు 2013 జూలైలో ఆగిపోయెను.

ఈ మార్పుల ఫలమేమి? కబురు మోయుటకు వెట్టివాడు అక్కరలేకపోయెను. జీతముగల తపాలవాడు ఆ పని చేయసాగెను. మాలపల్లె ఉత్తరమునకును దొరగారి ఉత్తరమునకును ఒకే బిళ్ల, ఒకే సంచి!

మా యింటి మొదటి శుభలేఖ

నా తండ్రి మిషను బడిలో చదివి, అక్కడనే ఉపాధ్యాయుడాయెను. 1966లో ఆయన పెండ్లికి పట్టణములో నూరు కార్డులు అచ్చు వేయించిరి. పోస్టుకార్డంత తెల్లని పలుచని అట్ట, ఒకే రంగు సిరా, పైన ఒక వాక్యపు ఆధారము, బొమ్మలు లేవు. కంపోజిటరు ఒక్కొక్క సీసపు అక్షరమును అరలోనుండి ఏరి, తలక్రిందులుగా పేర్చి, చట్రములో బిగించి, ఒక్కొక్క కార్డు చేతితో పెట్టి తీసిన పని అది. అందులో వరుని తండ్రి పేరు పూర్తిగా వ్రాయబడెను. ముందు ‘శ్రీ’, వెనుక ‘గారు’.

నా తాతకు చదువు రాదు. ఆయన కుమారునిచేత ఆ ఒక్క పంక్తిని మరల మరల చదివించుకొని, ‘గారు’ అను అక్షరములు ఎక్కడున్నవో వ్రేలితో తడిమి చూచుకొనెనట. తరువాత ఒక కార్డు తీసికొని, తాను యేండ్ల తరబడి ఎవరి కబుర్లు మోసెనో ఆ ఆసామి యింటికి వెళ్లెను. ఎప్పటివలెనే వాకిట నిలువబడెను. అయితే ఆ దినమున ఆయన నోరు విప్పి కేకవేయలేదు, కార్డు చేతికిచ్చెను. ఆసామి అది చదివి, కొంతసేపు ఊరకుండి, “ఎప్పుడు పెళ్లి?” అని మాత్రము అడిగెను. కూర్చోమని చెప్పలేదు, పెండ్లికి రాలేదు. అయితే ‘ఒరే’ అని కూడ అనలేదు. నా తాత ఆ సంగతి చెప్పినప్పుడెల్ల అక్కడ ఆగి నవ్వెడివాడు. ఆ కార్డు ఆయన చనిపోవువరకు మా యింటి బైబిలులో ఉండెను, ఇప్పుడును ఉన్నది.

కౌలురైతు మాటను నేను త్రోసివేయలేకపోవుటకు కారణమిదే. పేరు అచ్చులో చూచుకొనవలెనను కోరిక మన ప్రజలకు వట్టి డంబము కాదు. తరములుగా పేరు లేనివారిగా ఎంచబడినవారి ఆకలి అది.

నేను చేసిన తప్పు

అయితే కథ అక్కడ ముగియలేదు. మూడేండ్ల క్రిందట నా కుమార్తె పెండ్లి జరిగెను. నాలుగు వందల కార్డులు వేయించితిని. జాబితా నేనే వ్రాసితిని: బంధువులు, తోటి బోధకులు, ఉపాధ్యాయులు, వైద్యులు, సంఘపెద్దలు. వారము దినములు ఆ పుస్తకము నా చేతిలోనే ఉండెను. పెండ్లిదినమున గంట మ్రోగెను, ఆలయము నిండెను, విందు బాగుగా జరిగెను. రాత్రి నా భార్య, “గంట కొట్టే ముసలాయన భోంచేశాడా?” అని అడిగెను. ఎవరును ఆయనను పంక్తిలో చూడలేదు.

మరునాడు తెల్లవారగానే భోజనము తీసికొని ఆయన గుడిసెకు వెళ్లితిని. ఆయన లేచి నిలువబడి, నొచ్చుకొనుచు, “అయ్యగారూ, గంట కొట్టమన్నారు, కొట్టాను. ఊడ్వమన్నారు, ఊడ్చాను. తినడానికి రమ్మని ఎవరూ అనలేదు గదా. పిలవని పేరంటానికి ఎట్లా వస్తాను?” అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే అది నన్ను మరింత నొప్పించెను. దినదినము ఎదుట నుండువాడు గనుక నా జాబితాలో ఆయన పేరు నాకు తట్టలేదు. చదువురానివానికి కార్డెందుకని కూడ తలంచియుందును. నా తాత పరుల వాకిట నిలువబడినట్లే, నా కుమార్తె పెండ్లిదినమున ఆయన నా వాకిట నిలువబడెను. తాత పేరు పక్కన ‘గారు’ చూచి గర్వించిన మనుమడను, మరియొకని పేరు వ్రాయుటయే మరచితిని.

ఐగుప్తు చీటీ అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను. పేరు లేని ఆ చీటీ అక్షరము రానివానికి కూడ పిలుపు చేర్చెను, ఏలయనగా దానివెంట ఒక మనుష్యుడు నడిచెను. నా నాలుగు వందల కార్డులమీద పేర్లున్నవి; వాటివెంట నడిచినవాడు లేడు.

కొన్ని హితవాక్యములు

పెండ్లి తలపెట్టిన యిండ్లవారికి అనుభవమునుబట్టి కొన్ని మాటలు చెప్పెదను.

మొదట సంఘకాపరియొద్దకు రండి, తరువాత అచ్చాఫీసుకు పొండి. వయస్సు పత్రములు చూపి, నోటీసు ఇచ్చి, ఆలయము ఆ దినమున ఖాళీగా ఉన్నదో లేదో తెలిసికొనిన తరువాతనే తేదీ అచ్చు వేయించుడి.

రెండవది, అచ్చునకు ఇచ్చు ప్రతిని విడివిడి అక్షరములతో వ్రాయుడి. ప్రూఫు వచ్చినప్పుడు ఒకరు చదువగా మరియొకరు వినవలెను. తేదీకి వారము సరిపడినదా, ఆలయముండు ఊరికి మండలము పేరు వ్రాసితిరా, బస్సు ఎక్కడ దిగవలెనో చెప్పితిరా చూచుకొనుడి. శనివారమని వ్రాసి ఆదివారపు తేదీ వేసిన ఒక కార్డువలన ఇరువదిమంది బంధువులు మరునాడు వచ్చి మూసిన తలుపులు చూచి మరలిపోవుట నేను కన్నులార చూచితిని.

మూడవది, జాబితాను క్రిందినుండి మొదలుపెట్టుడి. విధవరాండ్రు, కూలివారు, పొలములో మీకు సాయపడినవారు, ఆలయము ఊడ్చువారు మొదట. పెద్దవారి పేర్లు ఎట్లును మరువబడవు. తిరిగి మనలను పిలువలేనివారిని విందునకు పిలువుమని ప్రభువు ఒక పరిసయ్యుని యింటిలో చెప్పెను. ఆ మాట వివాహపు జాబితాకు తగిన కొలకఱ్ఱ.

నాలుగవది, దూరపువారికి తపాలలో మూడు వారములముందు పంపుడి. ఇప్పుడు చేతి ఫోనులో వాట్సాపుద్వారా పంపుట వాడుకయైనది. దానిలో తప్పులేదు, ఖర్చు కలిసివచ్చును. అయితే ఒకేమారు రెండు వందలమందికి పోయిన బొమ్మను చూచి ఎవడును తాను పిలువబడితినని అనుకొనడు. వెనుక ఒక మాట ఫోనులోనైనను నోట చెప్పుడి. ఊరిలోనివారికైతే నడిచి వెళ్లుడి. చదువురాని పెద్దలకు కార్డు చేతిలో పెట్టి, కూర్చుండి, పేర్లన్నియు చదివి వినిపింపుడి. పెండ్లి ముందునాడు రెండవ పిలుపు పిలువుడి. వచ్చువారి లెక్క తెలియును, అన్నము వృథా కాదు.

అయిదవది, కార్డుకొరకు అప్పు చేయవద్దు. వడ్డీ పెండ్లికుమార్తె వెంట అత్తవారింటికి పోదు గాని, తండ్రి ముంగిటనే నిలిచియుండును. నా తాతకు గౌరవము తెచ్చిన కార్డు మా సంఘములో నేను చూచిన కార్డులన్నిటికంటె పలుచనిది. గౌరవము అట్ట మందములో లేదు. పేరు సరిగా వ్రాయుటలోను, గడప దాటి వచ్చి పిలుచుటలోను ఉన్నది.

ఆ కౌలురైతు రెండవ కుమార్తె పెండ్లి ఈ వేసవిలో జరుగనున్నది. మొన్న ఆదివారము ఆరాధన తరువాత అతడు వచ్చి, ఈమారు కార్డులు ఎన్ని వేయించవలెనని అడిగెను. నూరు చాలునని, పలుచనివి చాలునని చెప్పితిని. “మరి మిగతావాళ్లు ఏమనుకుంటారు అయ్యగారూ?” అనెను. “మిగతావాళ్లను పిలవడానికి నీతో నేనూ వస్తాను” అని చెప్పితిని. మొదట గంట కొట్టు ముసలాయన గుడిసెకు పోవుదమని ఇద్దరము నిశ్చయించుకొంటిమి.